రాశులు పన్నెండా, పదమూడా?

ఆకాశవీధి:
నిన్న బంధువుల ఇంట్లో ఈ విషయం మీదే పెద్ద గొడవ. నవంబరు 30 ప్రాంతం నుంచి డిసెంబరు 17 దాకా సూర్యుడు ఉండేది వృశ్చికంలోనూ కాదు, ధనుస్సులోనూ కాదు, సర్పధారి అనే పదమూడో నక్షత్ర మండలంలో అన్నాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. అంతర్జాతీయ ఖగోళ సంఘం 1930లో ప్రచురించిన హద్దుల ప్రకారం సూర్యుడు కన్యలో దాదాపు 45 రోజులు, వృశ్చికంలో వారం రోజులే ఉంటాడు. అన్నిటికీ నెల చొప్పున సమానంగా పంచేసిన పంచాంగాన్ని ఎలా నమ్మాలి?

సిద్ధాంతిగారబ్బాయి:
రాశి అంటే పోగు. కళ్ళంలో ధాన్యం రాశి పోశారంటాం చూడండి, అదే మాట. 360 డిగ్రీల చక్రాన్ని 12 పోగులు పెడితే ఒక్కోటి 30. అది కొలతండీ, బొమ్మ కాదు. పదమూడో మండలం ఉంటే ఉండనివ్వండి, దానికీ రాశికీ సంబంధం లేదు.

డల్లాస్_సుబ్బు:
నేను పుట్టింది ఆగస్టు 5. ఇక్కడి పేపర్ల ప్రకారం నాది సింహం. అమ్మ రాయించిన జాతకంలో మీనం. ఏది నిజం?

సిద్ధాంతిగారబ్బాయి:
వాళ్ళు సూర్యుడున్న రాశి చెబుతారు, మనం చంద్రుడున్న రాశి చెబుతాం. రెంటికీ పోలిక లేదు.

ఆకాశవీధి:
పదమూడా కాదా అన్నదానికి జవాబు రాలేదు. పోనీ కొలతే అనుకుందాం. ఎక్కడ మొదలవుతుందది? పగలు పెరగడం డిసెంబరు 22కే మొదలవుతుంది, మనం ఉత్తరాయణమని జనవరి 14న చేస్తాం. వివేకానందుడు 1863 జనవరి 12న, సంక్రాంతి రోజు పుట్టారు. ఇప్పుడు 14, 15 అయింది. భూమి అక్షం బొంగరంలా ఊగడం వల్ల విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమైన రోజు సూర్యుడుండే చోటు, 72 ఏళ్ళకి ఒక డిగ్రీ వెనక్కి జరుగుతోంది. ఒకప్పుడు మేషంలో ఉన్న వసంత విషువత్తు ఇప్పుడు మీన మండలంలో ఉంది.

రవి_నల్గొండ:
సంక్రాంతి జోలికి రాకండి. భోగిమంట వేసేది డిగ్రీలు చూసి కాదు.

సిద్ధాంతిగారబ్బాయి:
జరుగుతోందని మనవాళ్ళకి తెలియదా? ఆ తేడా పేరే అయనాంశ, ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు. పాశ్చాత్యులు విషువత్తు నుంచి లెక్కపెడతారు, అది సాయనం. మనం నక్షత్రాలని పట్టుకుని లెక్కపెడతాం, అది నిరయనం. ఆకాశానికి దగ్గరగా ఉన్నది మనదే.

కాకినాడ_అమ్మ:
బాబూ, మీ అంకెలు నాకు తెలియవు. మా అమ్మాయికి పాత గ్రంథాల లెక్కతో కట్టే పూర్వ పద్ధతి పంచాంగం చూసి జాతకం రాశారు. జ్యేష్ఠ నాలుగో పాదం, వృశ్చికం. ఆకాశంలో కనబడేదాన్ని బట్టి కడతారట, ఆ దృక్ పంచాంగం చూసిన ఇంకొకాయన మూల మొదటి పాదం, ధనుస్సు అన్నారు. మొదటి సంబంధం వాళ్ళు జ్యేష్ఠ అయితే బావగారికి గండం అన్నారు. సరే కదా అని రెండో సంబంధానికి రెండో జాతకం పంపితే, మూల అయితే మామగారికి గండం అన్నారు. పిల్లకి 31 వచ్చాయి. ఫోన్ మోగితే టెన్షన్. కొలత అంటున్నావు కదా, ఆ గీత ఎక్కడుందో చెప్పు నాన్నా.

సిద్ధాంతిగారబ్బాయి:
అమ్మా, పుట్టిన టైము సరిగా రాసి ఉండరు. చాలాసార్లు తేడా అక్కడే వస్తుంది.

కాకినాడ_అమ్మ:
తెల్లవారుజామున 4.10. ఆస్పత్రివాళ్ళు రాసిన కాగితం మడతల దగ్గర చిరిగిపోతుంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాను. ఇద్దరికీ అదే చూపించాను.

ఆకాశవీధి:
అమ్మా, జులైలో రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి దక్షిణం వైపు చూడండి. ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ. అక్కడి నుంచి కిందికి దిగి వంకర తిరిగిన తోక చివర, కొండి దగ్గర పక్కపక్కనే రెండు చుక్కలుంటాయి. అదే మూల. ఆకాశంలో రెండూ ఒకే తేలు. ఇంకా వినండి. ఆ ఎర్ర చుక్క నిరయన లెక్కలో 226 డిగ్రీల దగ్గరుంది. చక్రాన్ని 27 నక్షత్రాలకి సమానంగా పంచితే అనూరాధ భాగం 226 డిగ్రీల 40 నిమిషాల దాకా ఉంది, ఆ తర్వాతే జ్యేష్ఠ భాగం. జ్యేష్ఠ చుక్కే జ్యేష్ఠ భాగంలో లేదు! నక్షత్రాలని పట్టుకున్నామంటారా? ఇది మోసం కాక ఏమిటి?

సిద్ధాంతిగారబ్బాయి:
మోసం అన్న మాట వెనక్కి తీసుకోండి. మా నాన్నగారు నలభై ఏళ్ళు కిరోసిన్ దీపం ముందు పలక మీద గణితం చేశారు. ఎవరి దగ్గరా ఇంత కావాలని అడిగి పుచ్చుకోలేదు. ఒక ఉగాదికి పంచాంగ శ్రవణంలో, బాగా చదువుకున్న మా బంధువుల కుర్రాడు పదిమందిలో మీలాగే మాట్లాడి నవ్వాడు. మరుసటి ఏడు నుంచి నాన్నగారు గుడికి వెళ్ళి చదవడం మానేశారు.

రవి_నల్గొండ:
పెద్దాయన్ని ఎందుకు లాగుతారండీ మధ్యలోకి.

ఆకాశవీధి:
ఆయన్ని అనలేదు, బాధ కలిగితే క్షమించండి. నిన్న గొడవ అన్నాను కదా, అది పదమూడో మండలం గురించి మొదలవలేదు. మా మేనకోడలిది మూల. ఇంకా ఇంటరు చదువుతోంది. దీనికి సంబంధాలు రావడం కష్టమని దాని ఎదురుగానే అంటున్నారు. అది కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయింది. నాకు చేతనైన ఖగోళం పట్టుకుని అడ్డుపడ్డాను.

సిద్ధాంతిగారబ్బాయి:
ఈ మాట మొదటే చెప్పాల్సింది.

గీత సంగతి నిజం చెబుతాను. భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షుడిగా ఉన్న పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. చిత్త తారకి సరిగ్గా ఎదురుగా మేషం మొదలయ్యేలా, 1956 మార్చి 21కి అయనాంశ 23 డిగ్రీల 15 నిమిషాలని తీసుకున్నారు. జ్యోతిష్యులు బి.వి. రామన్ గారి అయనాంశకీ దానికీ దాదాపు డిగ్రీన్నర తేడా. చంద్రుడు గంటకి అర డిగ్రీ నడుస్తాడు కాబట్టి దాదాపు మూడు గంటలు. పూర్వ పద్ధతిలో చంద్రుడి గణితమే వేరు, అక్కడా గంటల్లోనే తేడా. ఆ వేళల్లో పుట్టిన పిల్లకి నక్షత్రం మారిపోతుంది. గణితం కోసం నేను ఎంతైనా పోట్లాడతాను. గండాలు గణితంలో లేవు. జ్యేష్ఠ, మూల కలిసే చోటుని గండాంతం అంటారు, నాన్నగారు శాంతి చేయించి పెళ్ళి కానిచ్చేయమనేవారు.

కాకినాడ_అమ్మ:
శాంతి రెండుసార్లు చేయించాం బాబూ. జ్యేష్ఠకి ఒకటి, మూలకి ఒకటి. ఈ పిల్ల వల్ల ఎవరికీ ఏమీ కాదని మీ నాన్నగారైతే ఒక ముక్క రాసిచ్చేవారేమో. నువ్వు రాసిస్తావా?

సిద్ధాంతిగారబ్బాయి:
తేదీ, టైము ఇక్కడ పెట్టకండమ్మా, విడిగా పంపండి. రెండు పద్ధతుల్లోనూ లెక్కవేసి ఏది సరైనదో చెబుతాను.

కాకినాడ_అమ్మ:
నేనడిగింది లెక్క కాదు నాన్నా.