కిరోసిన్ తిమింగలాలను కాపాడిందా?

చుక్కాని: వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. 1859లో పెన్సిల్వేనియాలో చమురు పడింది, కిరోసిన్ వచ్చింది, దీపాలకు తిమింగలం నూనె అక్కర్లేకపోయింది, చట్టాలకు చేతకాని పని మార్కెట్ చేసింది అని. నాకైతే సబబుగానే ఉంది. కాదనేవాళ్లు చెప్పండి.

ఉప్పుగాలి: దీపాల మట్టుకు సరే. కానీ అసలు ఊచకోత జరిగింది కిరోసిన్ వచ్చాకే. 20వ శతాబ్దంలో చంపినవి దాదాపు 29 లక్షలు, అందులో 20 లక్షలకు పైగా దక్షిణార్ధగోళంలోనే. తెరచాప ఓడలకు నీలి తిమింగలాలు చిక్కేవి కావు. మహా వేగం, పైగా చచ్చాక మునిగిపోతాయి. నార్వేకు చెందిన స్వెండ్ ఫోయిన్ ఆవిరి పడవ మీద పేలే బల్లేన్ని విసిరే ఫిరంగి బిగించాక అవీ దక్కాయి. 1904లో లార్సెన్ అనే నార్వే వేటగాడు అంటార్కిటికా వైపున్న దక్షిణ జార్జియా దీవిలో గ్రిట్‌వికెన్ అనే తిమింగలాల వేట స్టేషన్ పెట్టాడు. 1925లో లాన్సింగ్ అనే ఓడ వెనకవైపు ర్యాంపుతో వచ్చింది. కళేబరాన్ని డెక్ మీదికే లాగి కోసేయొచ్చు, ఒడ్డుతో పనే లేదు. 1930-31 ఒక్క సీజన్లో అంటార్కిటికా చుట్టూ 29 వేలకు పైగా నీలి తిమింగలాలు పోయాయి. ఇలా సముద్రంలోనే కోసి నూనె తీసే ఫ్యాక్టరీ ఓడల ట్యాంకుల్లో వెళ్లేటప్పుడు ఇంధన చమురు, వచ్చేటప్పుడు తిమింగలం నూనె. చమురు కాపాడిందంటారా?

పోపులపెట్టె: ఆ నూనె దేనికో కూడా చెప్పండి. సబ్బులకు, వెన్నకు బదులు వాడే మార్గరిన్‌కు. నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించడం 1900ల మొదట్లో వచ్చింది, మన డాల్డా చేసే పద్ధతే. దాంతో కంపు పోయి రొట్టె మీదికెక్కింది.

చుక్కాని: మరి మీ చట్టం ఏం ఉద్ధరించింది? తిమింగలాల వేట మీద 1946లో దేశాలు చేసుకున్న ఒప్పందం తర్వాత వేట కోటాకు లెక్క ఏమిటంటే, ఒక నీలి తిమింగలానికి సమానంగా రెండు ఫిన్, లేదా రెండున్నర హంప్‌బ్యాక్, లేదా ఆరు సెయ్ జాతి తిమింగలాలు. ఏ జాతి ఎంత మిగిలిందన్న పట్టింపే లేదు. సోవియట్ ఓడలు దక్షిణాన 48 వేలకు పైగా హంప్‌బ్యాక్‌లను చంపి 2,710 అని రాసుకున్నాయి. 1993లో యబ్లొకోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త చెప్పేదాకా బయటి ప్రపంచానికి అసలు లెక్క తెలియదు.

ఉప్పుగాలి: చట్టం ఆలస్యంగా వచ్చింది, నిజమే. 1982లో అంతర్జాతీయ తిమింగలాల వేట సంఘం వ్యాపార వేట నిషేధానికి ఓటేసేసరికి అంటార్కిటిక్ నీలి తిమింగలాలు మొదట ఉన్నవాటిలో ఒక శాతం కూడా లేవు. అయితే హంప్‌బ్యాక్‌లు మళ్లీ పుంజుకున్నాయంటే అది వేట ఆపినందుకే.

మంచుగడ్డ: ఆర్కిటిక్‌ను వదిలేశారేం? కిరోసిన్ వచ్చిన 12 ఏళ్లకు, 1871లో, అలాస్కా దగ్గర మంచులో చిక్కి 30కి పైగా వేట ఓడలను వదిలేసుకున్నారు. దీపాల గిరాకీ తగ్గుతుంటే అంత దూరం ఎందుకెళ్లినట్టు? నూనెతో పాటు బోహెడ్ తిమింగలం నోట్లో పళ్లకు బదులు వేలాడే ఈనెల కోసం. ఆడవాళ్లు నడుము బిగించుకునే కార్సెట్లలో అవే బద్దలు. నూనె ధర పడినా వాటి ధర పెరిగింది, 1900ల దాకా వేట సాగింది.

చుక్కాని: ఆ ఈనెలను పక్కకు నెట్టింది ఉక్కు బద్దలూ మారిన ఫ్యాషనూ. అదీ మార్కెట్టేగా! నా వాదన సగం ఇంకా నిలబడే ఉంది.