పర్లాకిమిడి, పాతపట్నం కలిపి ఒకే విద్యుత్ పొదుపు ప్రణాళిక: ఏది జరుగుతుంది, ఏది జరగదు?

గట్టు_దగ్గర:
సరిహద్దుకు ఇవతల ఒడిశాలో పర్లాకిమిడి మున్సిపాలిటీ, అవతల ఆంధ్రలో పాతపట్నం పంచాయతీ. రెండింటికీ కలిపి ప్రతిపాదన రాయాలి. వీధి దీపాలు ఎల్‌ఈడీకి మార్చడం, నీటి పంపులు మార్చడం, పాతపట్నం వైపు 200 కిలోవాట్ల సోలార్ పెట్టి రెండు ఊళ్లూ వాడుకోవడం. ఇటు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) టీపీఎస్‌ఓడీఎల్, అటు ఏపీఈపీడీసీఎల్. లెక్క ఎక్కడ మొదలెట్టాలి?

సీలేరు_నీళ్లు:
సోలార్ ముక్క తీసేయండి మేస్టారు. నడిచి వెళ్లే దూరమే కావచ్చు, గ్రిడ్ లెక్కలో మాత్రం మీది తూర్పు ప్రాంతం, వాళ్లది దక్షిణ ప్రాంతం. అక్కడ తయారైన యూనిట్ ఇక్కడి బిల్లులో తగ్గాలంటే అది అంతర్రాష్ట్ర ఓపెన్ యాక్సెస్, అంటే వేరే చోటి కరెంటును గ్రిడ్ తీగల మీదుగా తెచ్చుకోవడం. రెండు రాష్ట్రాల లోడ్ డిస్పాచ్ సెంటర్ల (గ్రిడ్‌ను నడిపే కేంద్రాల) అనుమతి కావాలి, 15 నిమిషాలకొకటి చొప్పున రోజుకు 96 బ్లాకుల షెడ్యూల్ ఇవ్వాలి, మబ్బు పట్టి తేడా వస్తే డీవియేషన్ ఛార్జీ కట్టాలి. 2022 గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు అర్హతను 100 కిలోవాట్లకు దించాయి, నిజమే. అర్హత వేరు, గిట్టుబాటు వేరు. ఏ ఊరి సోలార్ ఆ ఊరి కప్పు మీద, ఆ డిస్కం నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లను బిల్లులో తగ్గించే పద్ధతి) కింద పెట్టుకోండి. 2024-25 నుంచి డిస్కంలు తప్పక చూపాల్సిన పునరుత్పాదక విద్యుత్ కోటాలో చిన్న ప్లాంట్లకు విడిగా వాటా ఉంది కాబట్టి డిస్కంకూ అవి అవసరమే.

రెండు రాష్ట్రాల ఉమ్మడి జల విద్యుత్ కేంద్రం మాచ్‌ఖండ్ ఉంది కదా అని ఎవరో ఒకరు అంటారు. అది 120 మెగావాట్లు, రెండు ప్రభుత్వాల ఒప్పందం. మీకు దగ్గరి నమూనా బలిమెల జలాశయం. అక్కడ నీళ్లు చెరి సగం. ఒడిశా తన సగంతో బలిమెల పవర్‌హౌస్‌లో, ఆంధ్ర తన సగంతో సీలేరులో, ఎవరి కరెంటు వాళ్లు తీసుకుంటారు. మీరు కూడా కొలిచే పద్ధతి, స్పెసిఫికేషన్, స్పేర్ల జాబితా ఉమ్మడిగా పెట్టుకుని టెండర్లు ఎవరివి వాళ్లు పిలవండి. ఉమ్మడి టెండర్ ఆడిట్‌లో ఇరుక్కుంటుంది.

చోక్_కాయిల్:
దీపాల దగ్గర తప్పు జరిగేది బేస్‌లైన్‌లోనే, అంటే మార్చక ముందు వాడకం లెక్కలోనే. 70 వాట్ల సోడియం దీపం చోక్‌తో కలిపి 85 దాకా లాగుతుంది, 250 వాట్లది 280 దాకా. క్లాంప్ మీటర్ ఆంపియర్లను 230 వోల్టులతో గుణించి ఊరుకోవద్దు. కెపాసిటర్ పోయిన సోడియం సెట్ పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా) 0.5 కిందకి కూడా పోతుంది, అప్పుడు లెక్క రెట్టింపు చూపిస్తుంది. స్విచ్ పాయింట్ దగ్గర కిలోవాట్లు కొలిచే మీటర్ పెట్టి వారం రోజులు రికార్డు చేయండి. అదే వారం ప్రతి స్తంభానికి నంబరు వేసి, ఏది వెలుగుతోందో ఏది లేదో రాయండి. మూడోవంతు ఆరిపోయి ఉన్న ఊళ్లో ఎల్‌ఈడీ పెడితే అన్నీ వెలుగుతాయి గానీ బిల్లు అనుకున్నంత తగ్గదు. పొదుపులోంచి కంపెనీకి చెల్లించే ఒప్పందమైతే తగువు ఇక్కడే.

ఇంకోటి, చాలామంది మరిచిపోయేది. మీటర్ లేని వీధి దీపాలకు బిల్లు కనెక్టెడ్ లోడ్ (రికార్డులో రాసిన దీపాల మొత్తం వాట్లు) మీద వస్తుంది. దీపాలు మార్చి, డిస్కం రికార్డులో లోడ్ తగ్గించుకోకపోతే పాత బిల్లే వస్తుంది.

ఫిట్టింగ్‌కు ఐపీ66 (దుమ్ము, నీళ్లు చొరబడని రేటింగ్), 10 కిలోవోల్టుల సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్) రక్షణ, విడిగా మార్చగలిగే డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) అడగండి. న్యూట్రల్ తెగితే ఫేజుల మధ్య వోల్టేజ్ ఫిట్టింగ్ మీద పడుతుంది. డ్రైవర్లు గుంపుగా కాలేది అందుకే, నాసిరకం అని తిట్టే ముందు న్యూట్రల్ జాయింట్లు, స్తంభాల ఎర్తింగ్ చూడండి.

గట్టు_దగ్గర:
పంపుల సంగతో? ప్లేట్ మీద 30 హెచ్‌పీ అని ఉంది.

పాదరస_గేజ్:
ప్లేట్‌తో పని లేదండి. నీళ్లు, హెడ్ (నీటిని ఎక్కించాల్సిన ఎత్తు, మీటర్లలో), కిలోవాట్లు: ఈ మూడూ ఒకే సమయంలో కొలవాలి. గంటకు 100 ఘనపు మీటర్లు, మొత్తం హెడ్ 40 మీటర్లు అనుకుందాం. 100ను 40తో గుణించి 367తో (కిలోవాట్లలోకి మార్చే స్థిరాంకం) భాగిస్తే 10.9 కిలోవాట్లు, నీటికి అందిన పని అంతే. ప్యానెల్ దగ్గర 24 కిలోవాట్లు చూపిస్తే పంపు, మోటారు కలిపి సామర్థ్యం 45 శాతం. 65 శాతం ఇచ్చే సెట్‌కు 16.8 చాలు. రోజుకు 12 గంటలు నడిస్తే ఏడాదికి సుమారు 31,500 యూనిట్లు మిగులుతాయి.

బోరులో హెడ్ అంటే పంపు ఆగి ఉన్నప్పటి నీటి మట్టం కాదు, కొన్ని గంటలు నడిచాక నిలకడగా నిలిచిన మట్టం. దానికి డెలివరీ గేజ్ రీడింగ్ కలపండి, చదరపు సెంటీమీటరుకు కిలో అంటే 10 మీటర్లు. వాల్వ్ సగం మూసి నడుపుతున్నారా చూడండి. అలా నడిపితే పంపు అవసరానికి మించి పెద్దది. కొత్తది కొనకుండా ఇంపెల్లర్ (పంపులో నీటిని తోసే చక్రం) వ్యాసం తగ్గించినా చాలాసార్లు పని అవుతుంది.

పంపుల కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందో ముందే తేల్చుకోండి. ఒడిశా పట్టణాల్లో నీటి పంపులు సాధారణంగా పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ విభాగం చేతిలో ఉంటాయి. మున్సిపాలిటీ ఖర్చు పెట్టి పొదుపు వాళ్ల పద్దులో పడితే రెండో ఏడు ఎవరూ మెయింటెనెన్స్‌కు డబ్బివ్వరు. కాబట్టి ఆ విభాగం సంతకం మొదటి కాగితం మీదే ఉండాలి. ఇంధన పొదుపు చట్టం కింద ఆంధ్రలో స్టేట్ ఎనర్జీ కన్జర్వేషన్ మిషన్, ఒడిశాలో ఇంజనీర్-ఇన్-చీఫ్ (ఎలక్ట్రిసిటీ) కార్యాలయం నోడల్ సంస్థలు. ఒకే ఫార్మాట్‌లో కొలతలు పెట్టి రెండు చోట్లకూ పంపండి.