పిల్లల బడి ఫీజుకు ఆదాయపు పన్ను మినహాయింపు: పాత విధానానికి మారితే లాభమేనా?

ప్రశ్న: బెజవాడ నాన్న

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగం చేస్తున్నాను. 2025-26 ఆర్థిక సంవత్సరానికి నా మొత్తం జీతం 14,00,000 రూపాయలు. అందులో నెలకు మూల వేతనం 60,000, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) 24,000. అబ్బాయి ఏడో తరగతి, అమ్మాయి యూకేజీ. ఇద్దరూ ఒకే ప్రైవేటు బడిలో చదువుతున్నారు. రసీదుల్లో ట్యూషన్ ఫీజు అబ్బాయికి 68,000, అమ్మాయికి 46,000 అని ఉంది. ఇది కాక బస్సు, పుస్తకాలు, యూనిఫాం, అభివృద్ధి నిధి, ఐఐటీ ఫౌండేషన్ అన్న పేర్లతో ఇద్దరికీ కలిపి మరో 83,000 కట్టించుకున్నారు. పీఎఫ్ కింద నా జీతంలోంచి ఏడాదికి 86,400 పోతుంది. ఎల్ఐసీ ప్రీమియం 24,000, ఆరోగ్య బీమా 25,000, ఇంటి అద్దె నెలకు 20,000 కడుతున్నాను. గృహరుణం ఏమీ లేదు.

ఆఫీసువారు కొత్త విధానం (రేట్లు తక్కువ, మినహాయింపులు చాలావరకు ఉండవు) ప్రకారమే పన్ను కోస్తున్నారు. బడికి కట్టిన 1,97,000 మొత్తాన్నీ చూపించి పాత విధానానికి మారితే బాగా కలిసివస్తుందని సహోద్యోగి ఒకరు అంటున్నారు. ఇది నిజమేనా? ఆ డబ్బు కట్టవలసిన పన్నులోంచి నేరుగా తగ్గుతుందా, లేక ఆదాయంలోంచి తగ్గుతుందా? నా భార్య లెక్చరరు, ఆమె జీతం ఏడాదికి 7,20,000. ఫీజును ఆమె పేరున చూపిస్తే మేలా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: పద్దుల పంతులు

మీ సహోద్యోగి చెప్పినది మీ విషయంలో కుదరదండి. రసీదుల కోసం బడి చుట్టూ తిరిగే ముందు ఈ లెక్క చూడండి.

మన దేశంలో బడి ఫీజును పన్నులోంచి నేరుగా తగ్గించే సదుపాయం లేదు. ఆదాయంలోంచి తీసివేసే మినహాయింపు మాత్రమే ఉంది. అది 2025-26కు వర్తించే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 80సి కింద, అదీ పాత విధానం ఎంచుకున్నవారికే వర్తిస్తుంది. దేశంలో ఉన్న బడి, కళాశాల లేదా విశ్వవిద్యాలయంలో పూర్తికాలం చదివే ఇద్దరు పిల్లల వరకు కట్టిన ట్యూషన్ ఫీజును మాత్రమే చట్టం ఒప్పుకుంటుంది. యూకేజీయే కాదు, ప్లేస్కూలు, నర్సరీ ఫీజులు కూడా ఇందులోకి వస్తాయి కనుక మీ అమ్మాయి విషయంలో సందేహం అక్కరలేదు. అభివృద్ధి రుసుము, విరాళం, ఆ కోవకు చెందిన చెల్లింపులు ఏ పేరుతో తీసుకున్నా చెల్లవని చట్టంలోనే రాసి ఉంది. బస్సు, పుస్తకాలు, యూనిఫాం ట్యూషన్ ఫీజు కావు. ఫౌండేషన్ పేరిట విడిగా వసూలు చేసిన కోచింగ్ రుసుమునూ అందులో కలపకూడదు. కాబట్టి మీ 1,97,000లో లెక్కకు వచ్చేది 1,14,000 మాత్రమే.

చాలామంది పొరపడేది ఇక్కడే. 80సి పరిమితి అయిన 1,50,000 బడి ఫీజు ఒక్కదానికే కేటాయించినది కాదు. పీఎఫ్, ఎల్ఐసీ, పీపీఎఫ్, సుకన్య సమృద్ధి, గృహరుణం అసలు, అన్నీ ఆ ఒక్క సంచిలోనే సర్దుకోవాలి. మీ పీఎఫ్, ఎల్ఐసీ కలిపి ఇప్పటికే 1,10,400 అయింది కాబట్టి, ట్యూషన్ ఫీజు 1,14,000 ఉన్నా అందులో 39,600 మాత్రమే పనికివస్తుంది, మిగిలిన 74,400 వృథా. పైగా ఈ పరిమితిని 2014-15లో లక్ష నుంచి లక్షన్నరకు పెంచిన తరువాత మళ్లీ ముట్టుకోలేదు. ఈలోగా బడి ఫీజులు ఎక్కడికి చేరాయో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు.

కొత్త విధానంలో 14,00,000 లోంచి ప్రామాణిక తగ్గింపు (జీతగాళ్లందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్) 75,000 పోగా 13,25,000 మిగులుతుంది. 2025-26 శ్లాబుల (ఆదాయాన్ని బట్టి మారే పన్ను రేట్ల) ప్రకారం దానిమీద పన్ను 78,750. ఆ పన్నుమీద వేసే నాలుగు శాతం సెస్సుతో 81,900. పాత విధానంలో ప్రామాణిక తగ్గింపు 50,000, 80సి కింద 1,50,000, ఆరోగ్య బీమాకు 80డి కింద 25,000 తీసివేయవచ్చు. అద్దె 2,40,000 లోంచి మూల వేతనంలో పదో వంతు అయిన 72,000 పోగా మిగిలే 1,68,000 హెచ్ఆర్ఏ మినహాయింపు అవుతుంది. ఇవన్నీ తీసేసినా పన్ను వేయదగిన ఆదాయం 10,07,000 ఉంటుంది, సెస్సుతో కలిపి పన్ను 1,19,184 పడుతుంది. అంటే బడి ఫీజు కోసమని పాత విధానానికి మారితే 37,284 రూపాయలు ఎక్కువ కట్టాలి. మీ జీతానికి రెండు విధానాలూ సమానం కావాలంటే ప్రామాణిక తగ్గింపు కాక మరో 5,18,750 రూపాయల మినహాయింపులు ఉండాలి, మీకున్నవి 3,43,000.

మీ శ్రీమతి గారి పేరున చూపించినా ప్రయోజనం లేదు. కొత్త విధానంలో ప్రామాణిక తగ్గింపు పోగా మిగిలే ఆదాయం 12,00,000 లోపు ఉంటే సెక్షన్ 87ఏ కింద రిబేటు (పన్ను మాఫీ) వల్ల పన్ను సున్నా అవుతుంది కాబట్టి, ఆమెకు తగ్గించుకోవడానికి అసలు పన్నే లేదు.

జవాబు: మియాపూర్ గృహిణి

పంతులు గారి లెక్క సరిగ్గానే ఉంది, కాని అందరికీ అదే వర్తిస్తుందని అనుకోకండి. నేనూ మా వారూ ఇద్దరం ఉద్యోగస్థులం. మావారు గృహరుణం వడ్డీ 2,00,000, హెచ్ఆర్ఏ వంటివన్నీ కలిసిరావడంతో పాత విధానంలోనే ఉన్నారు. అలా ఉన్నవారి కోసం రెండు మాటలు చెబుతాను.

మొదటిది, ఫీజు ఏ తరగతిదన్నది కాదు, ఏ తేదీన కట్టారన్నదే ముఖ్యం. జూన్‌లో మొదలయ్యే తరగతికి మార్చిలోనే మొదటి టర్మ్ ఫీజు కట్టించుకోవడం మన బడులకు అలవాటే; మార్చి 31 లోపల కట్టినది ఆ ఆర్థిక సంవత్సరానికే చెందుతుంది, ఏప్రిల్‌లో కట్టినది తరువాతి ఏడాదికి పోతుంది. రెండోది, ఇద్దరు పిల్లల పరిమితి తల్లికి విడిగా, తండ్రికి విడిగా వర్తిస్తుంది కాబట్టి నలుగురు పిల్లలున్నవారు చెరో ఇద్దరిని చూపించుకోవచ్చు. ఒకే బిడ్డ ఫీజును ఇద్దరూ పంచుకుని కట్టినా, ఎవరు కట్టిన భాగాన్ని వారు చూపించుకోవచ్చు. ఒకే రసీదును ఇద్దరూ పూర్తిగా వాడుకోవడం మాత్రం తప్పు. అందుకని ఎవరి ఖాతాలోంచి కట్టారో తెలిసేలా బ్యాంకు ద్వారా కట్టి, మినహాయింపుల వివరాల పత్రంతో (2025-26లో ఫారం 12బిబి) పాటు రసీదును ఆఫీసులో ఇవ్వడం మంచిది. బడివారు అన్నీ కలిపి ‘వార్షిక రుసుము’ అని ఒకే అంకె వేసి రసీదు ఇస్తే, ట్యూషన్ ఫీజు ఎంతో విడదీసి ధ్రువపత్రం రాసిమ్మని అడగండి. మా అమ్మాయి బడిలో మొదట గొణిగారు గాని, రాతపూర్వకంగా అడిగాక ఇచ్చారు.

బెజవాడ నాన్న

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే కొత్త విధానంలోనే ఉంటాను. ఇంకొక్క సందేహం: జీతంలో పిల్లల చదువు భత్యం అని ఉంటుంది కదా, అది కూడా పోయినట్టేనా? మా అన్నయ్య దుబాయ్‌లో ఉంటాడు, వాళ్ల పిల్లలు మాత్రం హైదరాబాదులో చదువుతున్నారు. ఫీజు ఒక ఏడాది అన్నయ్య కడితే, ఒక ఏడాది మా నాన్నగారు కడతారు. వాళ్ల సంగతి ఏమిటి?

జవాబు: పద్దుల పంతులు

ఆ భత్యం మినహాయింపూ పాత విధానానికే పరిమితమండి. 2025-26 ఆర్థిక సంవత్సరానికి అది నెలకు ఒక్కో బిడ్డకు 100 రూపాయలు, హాస్టల్లో ఉంటే మరో 300, ఇద్దరు పిల్లల వరకు. ఏడాదికి 2,400 కోసం విధానం మార్చుకునేవారు ఎవరూ ఉండరు.

మీ అన్నగారు ప్రవాసి అయినా బడి మన దేశంలో ఉంది కనుక, ఇక్కడ ఆయనకు అద్దె వంటి పన్ను వేయదగిన ఆదాయం ఉండి పాత విధానం ఎంచుకుంటే, తాను కట్టిన ట్యూషన్ ఫీజును 80సి కింద చూపించుకోవచ్చు. మీ నాన్నగారికి మాత్రం ఆ వీలు లేదు. చట్టం తన సొంత పిల్లల చదువుకు కట్టినదాన్నే ఒప్పుకుంటుంది, మనవల ఫీజు అందులోకి రాదు. కాబట్టి నాన్నగారు ఇవ్వదలచుకున్న సొమ్మును అన్నగారి ఖాతాకు పంపి, ఫీజు అక్కడినుంచి కట్టించడం మేలు. తండ్రి కొడుక్కి ఇచ్చిన సొమ్ముకు పన్ను పడదు.