లేచి నిలబడితే బీపీ పడిపోతోంది, షుగర్ నరాల వల్లేనా?

కొవ్వూరు_శీను:
నాన్నగారికి షుగర్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈమధ్య మంచం మీంచి లేవగానే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి, మొన్న బాత్రూమ్ గుమ్మంలో పడిపోయారు, దేవుడి దయ వల్ల ఎముకలేం విరగలేదు. పడుకున్నప్పుడు బీపీ 150, నిలబడితే 110. డాక్టర్ గారు అటానమిక్ న్యూరోపతీ అన్నారు, గుండె, పొట్ట, మూత్రాశయం, చెమట వాటంతటవే నడిచేలా చూసే నరాలు దెబ్బతిన్నాయంట. మూత్రం కూడా ఆగి ఆగి వస్తోంది, తిన్నది కడుపులోనే ఉండిపోయినట్టుంది అంటున్నారు. మీ ఇళ్ళలో ఎవరికైనా ఉంటే ఏం చేశారో చెప్పండి.

రమ_కరీంనగర్:
తమ్మీ, బీపీ సంగతి నాకు తెల్వదు గని పొట్ట సంగతి నన్నడుగు. పొద్దుగాల తిన్న అన్నం రాత్రి వాంతిల మెతుకులు మెతుకులుగనే పడేది. అందరు గ్యాస్ అన్నరు, ఎండోస్కోపీల ఏం లేదన్నరు. ఆఖరికి ఇడ్లీ తినిపిచ్చి నాలుగు గంటలు స్కాన్ తీసిండ్రు, అప్పటికి పది శాతం కంటె ఎక్కువ మిగలొద్దట, నాకు సగం అట్లనే ఉండె. ఇన్సులిన్ ఏమో టైంకు పనిచేస్తది, తిండి పొట్టలనే ఉంటది, గందుకే తిన్నంక షుగర్ పడిపోయి అర్ధరాత్రి 300 చూపెట్టేది. ఇప్పుడు మెత్తటి అన్నం, చారు, పెరుగు కొద్దికొద్దిగ ఎక్కువసార్లు తింట, ఇన్సులిన్ టైం డాక్టర్ మార్చిండు. జొన్నరొట్టె, పచ్చి కూరగాయలు బంద్ వెట్టిన. వాంతులు పోయినయ్.

సిరిధాన్యాల_సత్యం:
ఇదెక్కడి సలహా అండీ, షుగర్ పేషెంట్లకి తెల్ల అన్నం తినమని, జొన్నలు మానేయమని! కొర్రలు, అరికెలు తిని నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే టెస్టు) 9 నుంచి 6.8 కి వచ్చింది. ఇలాంటివి చదివి జనం చెడిపోతారు.

రమ_కరీంనగర్:
మీ పొట్ట కదుల్తుంది కాబట్టి మీకు పట్టినయ్. నా పొట్ట కదలది. పీచు ఎక్కువ తింటె అది లోపలనే గడ్డ కడ్తది అని డాక్టరే చెప్పిండు. మీరు నా వాంతులు ఎత్తిపోసిండ్రా?

న్యూరోల్యాబ్_వైజాగ్:
రమమ్మ చెప్పింది నిజమే. నేను ఏళ్ళ తరబడి ఈ టెస్టులు చేస్తున్నవాణ్ణి, కాస్త వినండి. పీచు, కొవ్వు రెండూ పొట్ట ఖాళీ అవ్వడాన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి. మామూలు షుగర్ వాళ్ళకి పీచు మంచిదే, గ్యాస్ట్రోపరేసిస్, అంటే పొట్ట సరిగ్గా కదలని జబ్బు, ఉన్నవాళ్ళకి కాదు. శీను గారూ, నిలబడ్డ మూడు నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడితే చాలు లెక్కలోకొస్తుంది, మీ నాన్నగారికి 40 పడింది. అప్పుడు పల్స్ ఎంత పెరిగిందో రాసుకున్నారా? బీపీ అంత పడినా పల్స్ దాదాపు కదలకపోతే నరాల మీదే అనుమానం. మా దగ్గర నిమిషానికి ఆరుసార్లు గాలి పీల్పించి గుండె వేగం ఎంత మారుతుందో చూస్తాం, తేడా 10 కంటే తక్కువుంటే బాగోలేనట్టే.

సిరిధాన్యాల_సత్యం:
టెక్నీషియన్లు కూడా డైట్ చెప్పే రోజులొచ్చాయన్నమాట. పీహెచ్‌డీ ఉందా మీకు?

న్యూరోల్యాబ్_వైజాగ్:
మీకుందా సార్? నేను రోజూ ఈ మనుషుల్ని టేబుల్ మీంచి లేపి నిలబెడతాను, కళ్ళముందే తూలిపోతారు. మీరు చూసింది మీ ఒక్కరి రిపోర్టు.

అనకాపల్లి_పద్మ:
తిండి గొడవ కాసేపు ఆపండి! మా అన్నయ్యకి గుండెపోటు వస్తే ఛాతీలో నొప్పే తెలీలేదు. చెమటలు, ఆయాసం, నీరసం అంతే, ఎండకి అనుకున్నాం, ఈసీజీలో బయటపడింది. నొప్పి చెప్పే నరాలు కూడా పోతాయంట. షుగర్ పడిపోతే వచ్చే వణుకు, దడ కూడా ఆయనకి తెలిసేవి కావు, మాట తేడాగా రావడం చూసి వదినే పంచదార నోట్లో పోసేది. కారణం లేకుండా ఆయాసం వస్తే వెంటనే ఈసీజీ తీయించండి, పొద్దున్న చూద్దాంలే అనుకోవద్దు.

వాణి_డాలస్:
రమక్కా, మీకు పొట్ట కదలడానికి ఏ మాత్ర ఇచ్చారు? మా మామగారికి అక్కడ గ్యాస్ మాత్రలో కలిపి లెవోసల్పిరైడ్ ఇచ్చారు, ఆయన నెలల తరబడి మెడికల్ షాపులో కొనుక్కుని మింగారు, చేతులు వణకడం, నడక నెమ్మదించడం మొదలైంది, ఇంట్లో అందరం పార్కిన్సన్ అనుకున్నాం. డాక్టర్ గారు ఆపించాక చాలావరకు తగ్గింది. మా అమెరికాలో ఈ మందుకి అసలు అనుమతే లేదు. పొట్ట కదలడానికి మెటోక్లోప్రమైడ్ అనే మందు ఉంది గానీ 12 వారాలు దాటి వాడొద్దని 2009లోనే ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెద్ద హెచ్చరిక పెట్టించింది. చీటీ చూడకుండా రీఫిల్ ఇచ్చే షాపుల మీద నాకు చాలా కోపం.

గుంటూరు_బాబాయ్:
బీపీ పడిపోతుంటే బీపీ మాత్రలు ఆపేస్తే సరిపోద్ది కదా.

న్యూరోల్యాబ్_వైజాగ్:
అలా ఆపకండి బాబాయ్, పడుకున్నప్పుడు 150 ఉంది చూశారా. ఏది తగ్గించాలో, ఏ పూట వేయాలో డాక్టరే చెప్పాలి. శీను గారూ, ప్రొస్టేట్‌కి టామ్సులోసిన్ గానీ కాళ్ళ మంటకి అమిట్రిప్టిలీన్ గానీ వాడుతున్నారా? రెండూ నిలబడితే బీపీని పడేస్తాయి, రెండోది మూత్రాన్ని కూడా ఆపుతుంది.

కొవ్వూరు_శీను:
కాళ్ళ మంటకి రాత్రిపూట అమిట్రిప్టిలీన్ ఉందండీ! అది ఇచ్చిన డాక్టర్ వేరు, బీపీ చూసే డాక్టర్ వేరు. మరి మూత్రం సంగతి ఎవరూ చెప్పలేదు.

న్యూరోల్యాబ్_వైజాగ్:
రెండు చీటీలూ ఒకరికే చూపించండి. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండ్‌లో కొలుస్తారు, అది చేయించండి. ఎక్కువ మిగిలితే ఇన్ఫెక్షన్లు వదలవు. ఈలోపు టైం పెట్టుకుని వెళ్ళమనండి, పోశాక కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించమనండి. లేచేముందు మంచం అంచున కూర్చుని పాదాలు ఆడించాలి, తలవైపు మంచం కాళ్ళ కింద చెక్కలు పెట్టి ఎత్తు చేయండి. గుండె, కిడ్నీలకి ఇబ్బంది లేకపోతే పొద్దున్నే లేవకముందు రెండు గ్లాసుల నీళ్ళు గబగబా తాగించినా కాసేపు బీపీ నిలబడుతుంది.

సిరిధాన్యాల_సత్యం:
రాగిజావ అయినా తాగొచ్చా రమగారూ? మా అక్కకీ ఈమధ్య వాంతులవుతున్నాయి.

రమ_కరీంనగర్:
పల్చగ చేసి వడగట్టి తాగితె నాకు పట్టింది. మొదలు ఆమెకు స్కాన్ తీయించుండ్రి సత్యంగారు, వాంతులైనంక షుగర్ చూస్తుండుండ్రి.