సినిమా చూసి మీ ఇంట్లో ఎవరైనా మారారా?

కంచరపాలెం కుర్రోడు:
మా తమ్ముడికి చిన్నప్పుడే పోలియో. కాలిపర్ వేసుకుని నడుస్తాడు, పోర్టు రోడ్డులో ఓ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాడు. మొన్న పెళ్లిచూపులకి వెళ్తే వాళ్లు జీతం అడగలేదు. "సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతం వేశారు? ఆరు వేల పింఛను వస్తోందా?" అన్నారు. ఆ రాత్రే టీవీలో 'ఊపిరి' వచ్చింది. చక్రాల కుర్చీలో నాగార్జునని చూసి మా పెద్దత్త పమిట తడిసేలా ఏడ్చింది. అది అయ్యాక మా వాడితో, "నీకిప్పుడు పెళ్లెందుకురా, హాయిగా ఉన్నావు కదా" అంది. మరి సినిమా దేనికి చూసినట్టు?

ఎంవీపీ అమ్మ:
'రంగస్థలం' వచ్చిన 2018లో మా బాబు నాలుగో తరగతి. వినికిడి మిషన్ పెట్టుకుంటాడు. చిట్టిబాబుని ఊళ్లో పిలిచినట్టే వీణ్నీ క్లాసులో 'సౌండ్ ఇంజినీర్' అనడం మొదలెట్టారు. నాకు ఒళ్లు మండింది. వాడేమో "చరణ్ పేరు కదమ్మా" అని ఒకటే సంబరం! అప్పటిదాకా చెవులు కప్పేలా జుట్టు పెంచేవాడు. ఆ వేసవిలో మంగలి షాపులో కూర్చుని, మిషన్ కనబడేలా కొట్టమని తనే చెప్పాడు. బడి తెరిచాక టీచరమ్మ కూడా అలాగే పిలిచేసరికి మాత్రం వెళ్లి గట్టిగా మాట్లాడి వచ్చాను. పిల్లల మధ్య సరదా వేరు, పెద్దవాళ్ల నోట ఆ మాట వేరు.

సింహాచలం బస్సు:
నాకు చూపు లేదండి. ఫోన్ చదివి వినిపిస్తుంది, నోటితో చెప్పి రాస్తాను, అక్షరాలు తప్పితే సర్దుకోండి. 'రాజా ది గ్రేట్'లో రవితేజకి కళ్లు కనబడవు గానీ ఫైట్లు మామూలుగా ఉండవు. అప్పట్లో ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో ఒకాయన "శబ్దాన్ని బట్టి నువ్వూ కొట్టేయగలవా?" అనడిగాడు. ఆ సినిమాకి ముందు అందరూ 'అయ్యో పాపం' అనేవాళ్లు, ఆ తర్వాత 'మీకు సిక్స్త్ సెన్స్ ఉంటుందట కదా'. బాబూ, నేనడిగింది సింహాచలం బస్సు వచ్చిందా అని! నాకైతే 1986 నాటి 'సిరివెన్నెల'లో వేణువు వాయించే మనిషే దగ్గర. మన అనకాపల్లిలో పెరిగిన పాటల రచయిత సీతారామశాస్త్రిగారికి ఇంటిపేరు తెచ్చిపెట్టిన సినిమా కూడా అదే.

ద్వారకానగర్ లాయర్:
2024 జూలైలో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ విషయమే తేల్చింది. వైకల్యం గురించి అర్థం చేయించే హాస్యం వేరు, మనిషిని కించపరిచే హాస్యం వేరు అంది. ఆ పాత్రలు రాసేటప్పుడు ఆ జీవితం గడిపేవాళ్లని కలుపుకోమంది. నలభై ఏళ్ల కిందటే 'మయూరి'లో సుధాచంద్రన్ జైపూర్ కృత్రిమ కాలుతో తన కథలో తనే నటించింది కదా. ఆ తర్వాత అలాంటివి ఎన్నొచ్చాయి చెప్పండి?

కంచరపాలెం కుర్రోడు (వారం తర్వాత):
ఆదివారం మ్యాట్నీకి పెద్దత్తని తమ్ముడితో పంపాను. బాల్కనీ టికెట్లు, లిఫ్ట్ లేదు, మెట్ల పక్కన పట్టుకోడానికి కమ్మీ కూడా ఊగుతోందట. వాడు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే వెనకాలెవడో "తొందరగా నడవండి" అన్నాడట. ఈవిడ అక్కడే కొంగు దోపి, "నువ్వాగితే కొంపేం మునగదు" అని అరిచి, ఇంటర్వెల్‌లో మేనేజర్ గదికెళ్లి ర్యాంపు సంగతి అడిగొచ్చిందట. సినిమా ఏంటని అడిగితే ఆవిడకి కథే గుర్తులేదు.

పెళ్లి మాట మాత్రం ఇంకా ఎత్తలేదు.