పాత కంప్యూటర్ ఆటల పెట్టెల స్థితిని ఏ కొలమానంతో చెప్పాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
అందరికీ నమస్కారం. మా మేనమామగారు అమెరికా నుంచి తిరిగి వస్తూ తెచ్చుకున్న కంప్యూటర్ ఆటల పెట్టెలు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. వాటిలో కొన్నింటిని విజయవాడలోని ఒక సేకర్తకు ఇచ్చి, బదులుగా వేరేవి తీసుకోవాలని జాబితా రాస్తుండగా ఒకచోట ఆగిపోయాను. ఇన్ఫోకామ్ సంస్థ 1984లో విడుదల చేసిన ‘హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ’ పెట్టె మూలలు నలగలేదు గాని, వెనుకవైపు అరచేయంత తేమ మచ్చ ఉంది. లోపల నల్ల అట్ట కళ్లద్దాలు, బ్యాడ్జీ, దూదిపింజ, డిస్కు అన్నీ ఉన్నాయి. ఒక చిన్న ప్లాస్టిక్ సంచి మాత్రం ఖాళీగా ఉంది. దీనిని సేకర్తల కొలమానంలో ‘నియర్ మింట్’ (దాదాపు కొత్తది) అని రాయవచ్చునా? ఆ సంచిలోని వస్తువు పోయిందని కూడా రాయాలా?

సమాధానం (సత్యనారాయణపురం, విజయవాడ):
ఆ సంచిని దయచేసి పారవేయకండి. కంటికి కనిపించనంత సూక్ష్మమైన అంతరిక్ష నౌకాదళం అందులో ఉన్నదని చెప్పి, తయారీదారులే దానిని ఖాళీగా అమ్మారు; కాబట్టి సంచి లేకపోతేనే లోటు. 1982 నాటి ‘డెడ్‌లైన్’ మొదలుకొని ఇన్ఫోకామ్ పెట్టెలలో ఇటువంటి వస్తువులు ఆటలో భాగంగానే వచ్చాయి. వేరే సంస్థ 1985లో తెచ్చిన ‘అల్టిమా 4’ ఆటలోని గుడ్డ పటం, లోహపు అంఖ్ (పైన ఉచ్చు ఉన్న శిలువ లాంటి ఈజిప్టు చిహ్నం) కూడా అంతే. అందువల్ల పెట్టెకు ఒక శ్రేణి, లోపలి వస్తువులకు మరొక శ్రేణి వేరుగా ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. రెండింటినీ కలిపి ఒకే మాటలో చెబితే, పెట్టె అందం చూసి కొన్నవారు లోపల పటం లేదని ఇంటికి వెళ్లాక తెలుసుకుంటారు. నాకు ఒకసారి అలాగే జరిగింది. ఆ బాధ ఇంకా పోలేదు. ‘నియర్ మింట్’ అంటే అప్పుడే దుకాణం నుంచి తెచ్చినట్లు ఉండాలి. అరచేయంత మచ్చ ఉన్న పెట్టెను ‘గుడ్’ కంటే పైన పెట్టకూడదు; పేరుకు ‘గుడ్’ అయినా సేకర్తల కొలమానంలో అది దిగువ శ్రేణే.

సమాధానం (అరండల్‌పేట, గుంటూరు):
పై మాటతో ఏకీభవిస్తున్నాను. డిస్కును నడిపి చూశారో లేదో కూడా తప్పక రాయండి. బూజు పట్టినట్లు కనిపిస్తే డ్రైవులో పెట్టవద్దు, డ్రైవు హెడ్ (డిస్కును చదివే భాగం) పాడవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా బంధువుల ఇంట తడిసిన పెట్టెలను కంగారులో ఎండలో ఆరబెట్టాము. అట్ట వంకర తిరిగింది, రంగు వెలిసింది. నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టి ఉండవలసింది. కలరా ఉండలు కూడా పెట్టెలో వేయకండి, వాటి ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. జాబితాలో ఇలా మార్చాను (‘వెరీ ఫైన్’ అంటే ‘నియర్ మింట్’కు కాస్త దిగువ శ్రేణి): “పెట్టె: గుడ్, వెనుక తేమ మచ్చ, ఫోటో జతచేశాను. లోపలి వస్తువులు: వెరీ ఫైన్, నౌకాదళం సంచితో సహా అన్నీ ఉన్నాయి. డిస్కు నడిపి చూడలేదు.”