‘ఎలక్ట్రాన్ దాత’ అనొచ్చా?

ప్రశ్న: కాంతి పడినప్పుడు ద్రావణంలో ఒక అణువు నుంచి ఇంకో అణువుకి ఎలక్ట్రాన్ వెళ్లడం గురించి వ్యాసం రాస్తున్నాను. డోనర్‌ని ‘దాత’ అనీ, యాక్సెప్టర్‌ని ‘గ్రహీత’ అనీ రాసి, అణువులన్నిటినీ రెండు వరుసల పట్టికగా వేశాను. పైరీన్ అనే అణువుని ఏ వరుసలో పెట్టాలో తేలడం లేదు. మాటలు మార్చాలా?

జవాబు: మాటలు బాగున్నాయండి, మార్చాల్సింది పట్టిక. అన్నదాత, రక్తదాత అని విని విని దాత అంటే స్వభావం అనుకుంటాం. ఇక్కడ అది ఆ ఒక్క సందర్భంలో వేసే పాత్ర, వ్యాకరణంలో కర్త లాంటిది. ‘రాముడు సీతను చూశాడు’లో కర్త అయిన రాముడే ‘సీత రాముణ్ణి చూసింది’లో కర్మ. నిఘంటువులో రాముడి పక్కన ‘కర్త’ అని రాయం కదా.

పైరీన్ అతినీలలోహిత కాంతిని పీల్చుకోగానే దాని ఎలక్ట్రాన్ ఒకటి పై ఆర్బిటాల్‌కి వెళ్తుంది. పైనున్న ఆ ఎలక్ట్రాన్‌ని వదులుకోవడం తేలిక. కింద మిగిలిన ఖాళీలోకి బయటి నుంచి ఒకదాన్ని తీసుకోవడమూ తేలికే. అంటే మామూలప్పటికంటే మెరుగైన దాతా అదే, మెరుగైన గ్రహీతా అదే! డైమిథైల్ ఎనిలీన్ ఎదురైతే తీసుకుంటుంది, డైసయానోబెంజీన్ ఎదురైతే ఇస్తుంది. అందుకని వరుసలు తీసేసి ప్రతి అణువుకీ ఆక్సీకరణ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్‌ని ఎంత తేలిగ్గా వదులుతుందో చెప్పేది), క్షయకరణ పొటెన్షియల్ (ఎంత తేలిగ్గా తీసుకుంటుందో చెప్పేది), ఉత్తేజ శక్తి (కాంతి వల్ల అణువుకి అందే అదనపు శక్తి) ఇవ్వండి. ఎలక్ట్రాన్ బదిలీ సాధ్యమో కాదో చూడటానికి రెమ్, వెల్లర్ అనే శాస్త్రవేత్తలు 1970లో వాడిన లెక్కకి ముఖ్యంగా కావలసినవి అవే. ఎవరు ఎవరికి ఇస్తారో చదివేవాళ్లే తేల్చుకోగలరు.

ఇంకొకరు: ‘దానం’ అంటే తిరిగి తీసుకోనిది. ఇక్కడ ఎలక్ట్రాన్ చాలాసార్లు వెనక్కి వచ్చేస్తుందే?

జవాబు: నిజమే. అందుకే దాత అన్నా, జరిగే పనిని మాత్రం ‘దానం’ అనను. ‘బదిలీ’, ‘తిరుగు బదిలీ’ చక్కగా సరిపోతాయి. బదిలీ తర్వాత ఏమవుతుందన్నది ద్రావణిని బట్టి ఉంటుంది. పైరీన్, డైమిథైల్ ఎనిలీన్ హెక్సేన్‌లో ఉంటే విడిపోకుండా ఎక్సిప్లెక్స్‌గా జతకట్టి, పైరీన్ వెలుగుకంటే ఎక్కువ తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగుతాయి. అసిటోనైట్రైల్‌లో అయితే ధ్రువ స్వభావమున్న ద్రావణి అణువులు, బదిలీతో ఏర్పడిన అయాన్ల చుట్టూ చేరి వాటిని విడదీస్తాయి. ఆ జంట వెలుగు దాదాపు కనబడదు.

ఒక్క మనవి. ‘ఎలక్ట్రాన్ బదిలీ’లో ‘ఎలక్ట్రాన్’ని ఎక్కడా వదిలేయకండి. ‘శక్తి బదిలీ’ వేరే ఉంది, దానివల్లా ప్రతిదీప్తి (కాంతిని పీల్చుకున్న అణువు తిరిగి ఇచ్చే వెలుగు) తగ్గుతుంది. కాబట్టి వెలుగు తగ్గింది అన్నంత మాత్రాన ఎలక్ట్రాన్ వెళ్లిందని రాయకూడదు, అయాన్లు కనబడాలి. లేజర్ పల్స్ ఇచ్చిన వెంటనే శోషణ చూస్తే పైరీన్ రుణ అయాన్ సుమారు 490 నానోమీటర్ల దగ్గర, ధన అయాన్ సుమారు 450 దగ్గర కనిపిస్తాయి. మొదటిది కనబడితే ఆ ద్రావణంలో పైరీన్ గ్రహీత, రెండోది కనబడితే దాత.